ఎండయు పిడుదును: ఒమాన్ దేశపు శునకవ్యాధుల సమీక్ష

ఒక దేశమున కుక్కలకు వచ్చు వ్యాధులను గూర్చి తెలిసికొనగోరువాడు ముందుగా ఆ దేశపు ఋతువులను, ఆ పిమ్మట ఆ ఋతువులలో బ్రతుకనేర్చిన క్రిమికీటకములను పరిశీలింపవలెను. ఏలయన, వైద్యగ్రంథములలోని వ్యాధుల పట్టిక ఎల్ల దేశములకును ఒక్కటిగనే కనిపించినను, ఏ వ్యాధి ఏ ఊరిలో ఏ మాసమున ప్రబలునో నిర్ణయించునవి ఆ ఊరి నేలయు, గాలియు, నీరును. ఒమాన్ దేశము ఇందుకు చక్కని నిదర్శనము. ఉత్తరమున హజర్ పర్వతశ్రేణి, దాని పాదమున బాతినా తీరపు ఖర్జూరవనములు, నడుమ ఎడారి, దక్షిణమున సలాలా నగరము నావరించిన ధోఫార్ కొండలు. ఆ కొండలపై జూన్ నుండి సెప్టెంబరు వరకు ఖరీఫ్ అను ఋతుపవనపు మేఘములు దిగి సన్నని తుంపర కురియుచుండగా, అదే కాలమున మస్కట్ నగరపు పగటియెండ ఒక్కొక్కప్పుడు 45 డిగ్రీలను దాటుచుండును; జబల్ అఖ్దర్ మీది సైఖ్ పీఠభూమిపై శీతకాలపు రాత్రులందు నీరు గడ్డకట్టునంతటి చలి పుట్టును. కావున ఈ దేశపు కుక్కలన్నిటికిని ఒక్క మాటలో చెప్పదగిన ఆరోగ్యసూత్రము లేదు.

కుక్కలును ఇచ్చట ఒక్క తీరున బ్రతుకునవి గావు. వాదీలనబడు ఎండిన వాగుల వెంటను, కట్టడములు లేచుచున్న స్థలముల చుట్టును తిరుగు దేశవాళి కుక్కలొక వర్గము. మేకల మందలను, తోటలను కాయునవి మఱియొక వర్గము. అరబ్బుల వేటకుక్కగా అనాదినుండి ప్రసిద్ధికెక్కిన సలూకీ వేఱొకటి. మస్కట్‌లోని విదేశీయుల యిండ్లలో ఏసీల చల్లదనమున పెరుగు లాబ్రడారులు, పగ్గులు, హస్కీలు నాల్గవది. ఇస్లాం సంప్రదాయము వేటకును, మందకును, పొలమునకును కావలిగా కుక్కను పెంచుట ననుమతించినను, ఇంటిలోపల పెంచుట ఒమానీ కుటుంబములలో అంతగా వాడుక లేదు. పెంపుడుకుక్కను ప్రతిదినము తాకి, కడిగి, నడిపించి, తిండి పెట్టువారిలో పెక్కుమంది జీతమునకు వచ్చిన పరదేశీయులే. వారిలో గోదావరి జిల్లాలనుండియు, కడప సీమనుండియు వచ్చి ఇంటిపనిలోను, తోటపనిలోను, డ్రైవర్లుగాను కుదిరిన మన తెలుగువారును గలరు. టీకాలు పడిన పెంపుడుకుక్కను ఈ దేశమున చంపునవి ముఖ్యముగా టీకా అడ్డుకొనజాలని రెండే: ఎండ, పిడుదు. ఈ రెండింటి జాడను మొదట కనిపెట్టగలవాడు వైద్యుడు గాడు, దినదినమును కుక్క మెడపై చేయి వేయు మనిషి. ఈ సమీక్ష ప్రధానముగ ఆ మనిషి నుద్దేశించినది.

2018 జూన్ 26వ తేదీన మస్కట్‌కు ఆగ్నేయమున సముద్రతీరమునగల ఖురయ్యాత్ పట్టణమున, ఇరువదినాలుగు గంటలసేపు ఉష్ణోగ్రత 42.6 డిగ్రీలకు దిగువకు రానేలేదు. అర్ధరాత్రియు, తెల్లవారుజామును అందులో చేరియున్నవి. కుక్క శరీరపు సహజోష్ణత 38 నుండి 39 డిగ్రీలు. మనకువలె దాని కొడలంతయు చెమట పట్టదు. పాదముల అడుగున మాత్రమే కొంచెము పట్టును. నాలుక చాచి రొప్పుచు, నోటి తడిని ఆవిరిచేసికొనుట చేతనే అది తన వేడిని వెళ్ళబోసికొనవలెను. మస్కట్ తీరమున వేసవిగాలి వేడియేగాక మిక్కిలి తేమ గలది కూడ నగుటచే ఆ ఆవిరి ఆరదు. ఎంత రొప్పినను వేడి బయటికి పోదు, రొప్పుటలోని శ్రమచే మఱికొంత వేడి లోపల పుట్టును. దేహోష్ణత 41 డిగ్రీలు దాటినంతనే మెదడు, ప్రేవులు, మూత్రపిండములు, రక్తము గడ్డకట్టు వ్యవస్థ ఒకదాని వెనుక నొకటి దెబ్బతినును. చప్పిడిముక్కు గల పగ్గు, బుల్‌డాగ్ జాతులకు శ్వాసమార్గమే ఇఱుకగుట వలన ఈ ప్రమాదము ఇనుమడించును.

చిగుళ్ళు ఇటుకరంగు దాల్చుట, జొల్లు తీగలు సాగుట, నడక తూలుట, వాంతి, రక్తముతో కూడిన విరేచనము — ఇవి లక్షణములు. ముందు చల్లబఱచి పిమ్మట వైద్యశాలకు తీసికొనిపోవలెనే గాని, వైద్యశాల చేరువఱకు చల్లబఱచుట నాపరాదు. ఇచ్చట ఒక చిన్న విషయమును గట్టిగ చెప్పవలసియున్నది. జూలై మధ్యాహ్నమున ఈ దేశపు ఇండ్లలో చన్నీళ్ళ కొళాయి త్రిప్పినను మేడపై తొట్టిలో కాగిన నీరే వచ్చును. ఆ నీటిని వడదెబ్బ తగిలిన కుక్కపై పోయుట మేలు గాదు సరిగదా, కీడు. వేసవి నాలుగు మాసములును ఇంటిలోపల చల్లని గదిలో రెండు బకెట్ల నీరు పట్టి ఉంచుకొనవలెను. ఆ నీటిని పొట్టపైనను, తొడల సందులందును ధారగా పోసి, ఫ్యాన్ గాలి తగులనీయవలెను; తడి తువాలు కప్పి అట్లే వదలినచో వేడి లోపలనే నిలిచిపోవును. జూన్ మొదలు ఆగస్టు చివఱ వరకు మధ్యాహ్నము 12:30 నుండి 3:30 వరకు ఆరుబయట కూలిపని చేయింపరాదని ఈ దేశమున ప్రభుత్వనియమము గలదు. కుక్క విషయమున ఆ మూడు గంటలు చాలవు, సూర్యోదయమునకు ముందు తప్ప దానిని తారురోడ్డు మీద నడిపింపనే రాదు.

ఇక పిడుదు. మన పల్లెలలో గోమార్లని కూడ పిలుచు ఈ పురుగులలో కుక్కనే ఆశ్రయించి బ్రతుకు గోధుమవన్నె జాతి యొకటి గలదు. ప్రపంచమున మఱే పిడుదును ఇంత విస్తారముగా వ్యాపింపలేదు. దానికి గడ్డి మైదానముతో పనిలేదు. ఇంటి గోడ చాలును. పిల్లదశ, నడిమిదశ, పెద్దదశ అను మూడు దశలందును అది కుక్క రక్తమే త్రాగి, ప్రతి దశ చివఱను క్రిందికి రాలి, గోడ బీటలలోను, తలుపు చట్రముల వెనుకను, ఏసీ పెట్టెల చాటునను దాగి రూపము మార్చుకొనును. రక్తముతో శనగగింజంతగా ఉబ్బిన ఆడుపిడుదు గోడ నెక్కి ఒక్కసారికి వేలకొలది గ్రుడ్లు పెట్టును. ఎండతీవ్రతకు బయట చావవలసిన పురుగునకు మనమిచ్చిన చల్లని యిల్లు ఏడాది పొడుగునను ఆశ్రయమగుచున్నది. కుక్కపై కనిపించునవి కొన్ని, గోడలో నున్నవి పెక్కు. కావున కుక్కకు మాత్రము మందు పూసి ఇంటిని వదలివేసినవారు ప్రతి నెలయు మొదటికే వచ్చుచుందురు.

ఈ పిడుదు తెచ్చు వ్యాధులలో అగ్రగణ్యమైనది ఎర్లికియా. 1935లో అల్జీరియా దేశమున డొనాటియెన్, లెస్టోక్వార్డ్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞులు పిడుదులు మూగిన కుక్కల రక్తమున దీనిని మొదట గుర్తించిరి. ఆ పిమ్మట ముప్పది సంవత్సరములకు పైగా లోకము దానిని అంతగా పట్టించుకొనలేదు. 1960ల చివఱ వియత్నాం యుద్ధరంగమున అమెరికా సైన్యపు జాగిలములు ముక్కులనుండి నెత్తురు కారి వందలకొలది చనిపోయిన నాడుగాని దీని క్రౌర్యము తెలిసిరాలేదు. తెల్లరక్తకణములలో దూరి బ్రతుకు ఈ సూక్ష్మజీవి పిడుదు కాటు జరిగిన రెండు మూడు వారములలో జ్వరమును, అరుచిని, నీరసమును పుట్టించును. ఆ జ్వరము తనంతట తానే తగ్గుట కూడ కలదు. మోసమంతయు అక్కడనే యున్నది. కుక్క కోలుకొన్నదని యెల్లరు నమ్మియుండగా వ్యాధి మాసములు, ఒక్కొక్కప్పుడు సంవత్సరములు, నిశ్శబ్దముగ లోపల నుండి, తుదకు ఎముకలలోని మూలుగను ఎండగట్టును. అప్పుడు ఎఱ్ఱకణములు, తెల్లకణములు, ప్లేట్‌లెట్లు మూడును పడిపోవును. పొట్టచర్మముపై నల్లని రక్తపుచుక్కలు లేచును. ముక్కునుండి నెత్తురు కారును. ఆ దశలో వైద్యము తఱచుగా విఫలమగుచున్నది. తొలిదశలో మాత్రము డాక్సీసైక్లిన్ అను చౌక మందు, వైద్యుడు చెప్పిన మోతాదున, ఇరువదియెనిమిది దినములు తప్పక వేసిన చాలును. నాలుగవదినమున కుక్క లేచి తిరుగుచున్నదని మాత్రలు మానివేయువారు తాము తగ్గించినది జ్వరమునేగాని వ్యాధిని గాదని గ్రహింపవలెను.

రెండవది బాబీసియా. ఇది ఎఱ్ఱకణములలో చేరి వానిని పగులగొట్టును. మూత్రము కాఫీరంగునకు తిరుగుట, చిగుళ్ళు పాలిపోయి పిమ్మట పచ్చబడుట దీని గుర్తులు. ఇందు పెద్దది, చిన్నది అను భేదము గలదు. చిన్నదానిని మొట్టమొదట వర్ణించినది మన దక్షిణదేశముననే: 1910లో మద్రాసు ప్రాంతపు వేటకుక్కల రక్తమునందును, నక్కల రక్తమునందును ప్యాటన్ అను వైద్యుడు దీనిని కనుగొనెను. పెద్దదానికి వాడు సూదిమందు చిన్నదానిపై సరిగా పనిచేయదు గనుక, మన దేశమునుండి కుక్కను ఒమాన్‌కు తెచ్చుకొన్నవారు ఆ సంగతిని వైద్యునికి ముందుగ చెప్పుట అవసరము. మూడవదియగు హెపటోజూన్ 1905లో భారతదేశముననే మొదట వర్ణింపబడినది. అది పిడుదు కుట్టుటచే రాదు, కుక్క తన యొడలిని కొఱుకుకొనుచు పిడుదును మ్రింగుటచే వచ్చును. కావున కుక్కనుండి తీసిన పిడుదును దాని ముందే నేలపై పడవేయరాదు. స్పిరిట్ ఉన్న సీసాలో వేయవలెను.

పిడుదులను వెదకు పద్ధతి చెప్పెదను. కుక్కను ప్రక్కకు పరుండబెట్టి మొదట చెవి డొప్పను తిరగవేసి లోపలి మడతలను చూడవలెను; తరువాత మెడపట్టీని విప్పి దాని క్రింది వెండ్రుకలను ఎదురుదువ్వవలెను; ఆ పైన ప్రతి పాదమున వ్రేళ్ళ సందులను విడదీసి చూడవలెను, ఏలయన పిల్లపిడుదు ఆవగింజకంటెను చిన్నది, నడుచుచున్నప్పుడే గాని కంటబడదు. చంకలు, తోక మొదలు, కనుఱెప్పల అంచులు కడపట చూడవలెను. అంటుకొన్న పిడుదును పట్టకారుతో చర్మమునకు ఆనించి పట్టి తిన్నగ పైకి లాగవలెను. కిరోసిను పోయుట, అగ్గిపుల్లతో కాల్చుట మన పల్లెలనుండి తెచ్చుకొన్న చెడ్డ అలవాట్లు, వానిని మానవలెను. చివఱగా పై పెదవి నెత్తి చిగురును బొటనవ్రేలితో అదిమి వదలినచో తెల్లబడిన చోటు రెండు సెకండ్లలో మరల గులాబిరంగు దాల్చవలెను. మొదటినుండియే చిగురు తెల్లగా నున్నచో ఆ దినమే రక్తపరీక్ష చేయింపవలెను. సలూకీ విషయమున మఱియొక జాగ్రత్త గలదు: పరుగునకు పుట్టిన ఆ జాతికి ఎఱ్ఱకణములు ఇతరజాతులకంటె సహజముగనే ఎక్కువ, లాబ్రడారునకు ఆరోగ్యమని చెప్పదగిన అంకె సలూకీకి రక్తహీనత కావచ్చును.

తోటలలో మేకలకు చల్లు పిడుదుమందును నీరు సరిగా కలుపకయే కుక్కపై పోయుట ప్రాణాంతకము. కుక్కల మెడపై వేయు కొన్ని చుక్కలమందులలోని పెర్మెత్రిన్ అను ద్రవ్యము పిల్లికి విషము గనుక, రెండును ఉన్న ఇంటిలో సీసాపై వ్రాసినది చదివించుకొనక వాడరాదు.

ఇసుక ఈగ వలన వచ్చు లీష్మానియా తక్కువగ కనబడునదియే యైనను మనవారికి ఒక కారణముచే తెలియదగినది. బీహారు ప్రాంతమున కాలా అజార్ అను పేర ప్రసిద్ధమైన వ్యాధి మనిషినుండి మనిషికే పోవును, కుక్కతో దానికి నిమిత్తము లేదు; మధ్యధరా తీరమునుండి పశ్చిమాసియా వరకు వ్యాపించిన దాని సోదరజాతికి మాత్రము కుక్కయే నెలవు. కండ్లచుట్టు వెండ్రుకలు రాలి, పొట్టువంటి చుండ్రు లేచి, గోళ్ళు విపరీతముగ పెరిగి, తిన్నది ఒంటబట్టక చిక్కిపోవు కుక్కను గజ్జియని సరిపుచ్చక లీష్మానియా పరీక్షయు చేయింపవలెను. ఇసుక ఈగ సంధ్యవేళ లేచును. ఆ వేళ కుక్కను ఇంటిలో నుంచుట సగము నివారణము.

టీకాలచే నివారింపదగిన వ్యాధులలో పార్వో, డిస్టెంపర్ ముఖ్యములు. పార్వో 1978లో హఠాత్తుగా తలయెత్తి ఒకటి రెండు సంవత్సరములలో ప్రపంచమంతట కుక్కపిల్లలను తుడిచిపెట్టినది. రక్తవిరేచనములతో రెండు మూడు దినములలో పిల్ల ప్రాణము పోవును, ఆ వైరస్ నేలలో మాసములతరబడి చావక యుండును. డిస్టెంపర్ వైరస్‌చే కలుగునని 1905లో కార్రే అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు చెప్పగా, దానికి టీకాను 1920లలో ఇంగ్లండున లెయిడ్‌లా, డంకిన్ అనువారు సాధించిరి. మనుష్యులకు తట్టు తెచ్చు, పశువులకు పూర్వము పెద్దరోగము తెచ్చిన వైరస్సుల కుటుంబమునకే చెందిన ఈ వ్యాధి మొదట ముక్కు, కన్ను కారించి, పిమ్మట మూర్ఛలు తెచ్చును. ఒక్క టీకా వేయించితిమిగదా అను నమ్మకము ఇందు పెక్కు పిల్లలను బలిగొన్నది. తల్లిపాల వెంట వచ్చిన రక్షణ పిల్ల శరీరమున నున్నంతకాలము అదియే టీకాను చంపివేయును. ఆ రక్షణ ఏ పిల్లకు ఏ వారమున అంతరించునో తెలియదు. ఆరు, ఎనిమిది వారముల ప్రాయమున మొదలుపెట్టి మూడు నాలుగు వారములకొకటి చొప్పున పదునాఱు వారములు నిండువరకు వేయించుటకు ఇదియే కారణము. లెప్టోస్పైరా అను సూక్ష్మజీవి ఎండిన నేలపై బ్రతుకజాలదు గాని, 2021 అక్టోబరులో షాహీన్ తుపాను బాతినా తీరమును ముంచినట్టి సమయములలో నిలువనీటిని త్రాగిన కుక్కకు దాని భయము గలదు.

పొట్టపురుగులలో ఒక్కదానినే ప్రత్యేకించి చెప్పెదను. ఎకినోకాకస్ అను బద్దెపురుగు పొడవు సుమారు అరసెంటీమీటరు మాత్రమే; అవి వేలకొలది యున్నను కుక్కకు బాధ యుండదు. దాని గ్రుడ్లు చేరిన మేకకు, ఒంటెకు, మనిషికి కాలేయమునను ఊపిరితిత్తులలోను నీటితిత్తులు పెరుగును. తిత్తులున్న కాలేయమును కుక్కకు వేయగా మరల పురుగు పుట్టును. బక్రీదునాడు కోసిన జంతువుల పేగులను, చెడిన కాలేయములను తోటకుక్కలకు పడవేయకుండ పూడ్చిపెట్టినచో ఈ వలయము తెగిపోవును. మూడు నెలలకొకసారి ప్రాజిక్వాంటెల్ మాత్ర వేసిన మఱింత మేలు.

పాముకాటులు కొండవాగులలో సామాన్యము. ఒమానీ పింజరి పాము ముట్టెపై గాని ముంగాలుపై గాని కాటువేయగా నిమిషములలో వాపు లేచును. కట్టు కట్టక, కోయక, కుక్కను నడిపింపక ఎత్తుకొని వైద్యుని చేర్చవలెను.

రేబిస్‌ను కడపటికి ఉంచితిని, ఏలయన ఇది కుక్క వ్యాధి మాత్రమే గాదు. ఒమాన్‌లో ఇది 1990లో బయటపడినది. ఇచ్చట దానికి ప్రధానాశ్రయము ఎఱ్ఱగుంటనక్క. సుశ్రుతసంహిత కల్పస్థానమున వెఱ్ఱియెత్తిన కుక్కతోపాటు నక్కను కూడ పేర్కొని, కాటుపడినవాడు నీటిని చూచి బెదరినచో ఆశ లేదని చెప్పియున్నది. ఆ నిర్ణయము నేటికిని మాఱలేదు. నక్క రాత్రివేళ మేకలదొడ్డికి, చెత్తకుప్పకు వచ్చి కావలికుక్కతో పెనగులాడును; తెల్లవారి కుక్క చెవిపై గాట్లు కనిపించును; ముండ్లు గీరినవని ఎవరును లెక్కచేయరు. టీకా ముందుగ పడియున్న కుక్కకు ఆ గాటుచే ప్రమాదము చాల తక్కువ. పడనిచో అది ఆ ఇంటివారందరికిని ప్రమాదము. మనిషికి కాటుపడినచో సబ్బుతో, పాఱునీటిలో పదునైదు నిమిషములు కడిగి ఆ దినమే ఆసుపత్రికి పోవలెను. బొడ్డుచుట్టు పదునాలుగు సూదులని మన పెద్దలు చెప్పిన భయము ఇంకను మనవారిని వెనుకకు లాగుచున్నది. ఆ సూదులు 1911లో కసౌలీలో సెంపుల్ అను వైద్యుడు రూపొందించిన పాతటీకావి. అవి పోయి చాలకాలమైనది. నేడు నాలుగైదు సూదులు, అవియు భుజమునకే.

ఉద్యోగము ముగిసి స్వదేశమునకు పోవు విదేశీయులు కుక్కలను వీధిలో వదలిపోవుట ఈ దేశమున గొప్ప అన్యాయము. ఏసీ గదిలో పెరిగిన కుక్కకు నీరు ఎచ్చట దొరకునో తెలియదు, నక్కకు తొలగిపోవ తెలియదు. పిడుదుమందు ఆగిన కొలదివారములలో అది వ్యాధులకు నెలవగును. భారతదేశమునకు తిరిగిపోవువారు తగిన టీకాపత్రములతో, ముందుగ అనుమతి సంపాదించి పెంపుడుకుక్కను వెంట తీసికొనిపోవచ్చును. ఖర్చగుననుట నిజమే, ఆ ఖర్చును కుక్కపిల్లను తెచ్చుకొన్న దినముననే లెక్కింపవలసియుండెను.

యజమానులకు నా విన్నపమొకటి. మీరు ఆఫీసులోనో విమానములోనో యుండగా కుక్క చిగురు తెల్లబడుటను చూచునది మీ యింటి పనిమనిషి. తోటలో అది తూలుటను చూచునది మీ తోటమాలి. చూచియు, అయ్యగారు ఏమందురో, ఆసుపత్రి బిల్లు తన జీతమున కోసికొందురో యని వారు సాయంకాలమువరకు ఊరకుందురు. వడదెబ్బకు గాని బాబీసియాకు గాని సాయంకాలము చాల ఆలస్యము. వైద్యుని ఫోన్ నంబరును, కొంత పైకమును, మిమ్మడుగకయే తీసికొనిపోవు అధికారమును వారికి నేడే ఈయుడు. ఆ బిల్లు మీదేయని వారియెదుట స్పష్టముగ చెప్పుడు.